వరద ఆగిన తీరంలో: ఒక అడవిని ఏళ్ళ తరబడి కొలుస్తున్న విద్యార్థులు

అడవి ఆరోగ్యం ఒక్క చూపులో తేలేది కాదు. నిండుగా ఆకు తొడిగి, నీడ పరచి, పక్షులతో కళకళలాడే వనం కూడా తన తరువాతి తరాన్ని కనడం మానేసి దశాబ్దాలు గడిచి ఉండవచ్చు. పెద్ద చెట్లు నిలిచి ఉన్నంత కాలం ఆ లోటు కంటికి ఆనదు, అవి ఒక్కొక్కటిగా కూలడం మొదలయ్యాక దాన్ని సరిదిద్దే వ్యవధి మిగలదు. ఇంత నెమ్మదిగా సాగే మార్పును పట్టుకోవాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి విడవకుండా కొలవడం తప్ప వేరే దారి లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగంలో, న్యూ మెక్సికో రాష్ట్రం గుండా పారే రియో గ్రాండే నది ఒడ్డున, 1996లో మొదలై నేటికీ సాగుతున్న అటువంటి ప్రయత్నం ఈ అధ్యాయానికి విషయం. ఆ కొలతల్లో అధిక భాగం చేస్తున్నది వృత్తి శాస్త్రవేత్తలు కాక బడిపిల్లలు, కళాశాల విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కావడం దీని విశిష్టత.

ఎడారి నడుమ పచ్చని పట్టీ

రియో గ్రాండే కొలరాడో రాష్ట్రంలోని సాన్ హువాన్ పర్వతాల మంచులో పుట్టి, న్యూ మెక్సికోను ఉత్తరం నుంచి దక్షిణానికి చీల్చుకుంటూ పారి, టెక్సస్‌కూ మెక్సికో దేశానికీ సరిహద్దుగా నిలిచి, సుమారు 3,000 కిలోమీటర్ల ప్రయాణం తరువాత మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. న్యూ మెక్సికోలోని అతిపెద్ద నగరమైన ఆల్బకర్కీలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 23 సెంటీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. వర్షాభావానికి మారుపేరైన అనంతపురంలో సైతం సగటు వర్షపాతం అర మీటరుకు పైనే ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ నేల ఎంత పొడినేలో బోధపడుతుంది. అటువంటి చోట నదికి రెండు పక్కలా సన్నని పట్టీలా పెరిగిన అడవిని స్థానికులు స్పానిష్ మాటతో బోస్కే అని పిలుస్తారు. నదీ ప్రవాహం మీదా, దాని నుంచి ఊరే భూగర్భ జలం మీదా ఆధారపడి బతికే ఇటువంటి వనాలను నదీతీర అడవులు అంటారు. ఎడారి ప్రాంతాల్లో ఇవి ఆక్రమించే నేల బహు స్వల్పమైనా, ఆ ప్రాంతపు పక్షుల్లో, జంతువుల్లో చాలా భాగానికి ఆహారమూ ఆశ్రయమూ ఇవే.

ఈ అడవికి మూలస్తంభం కాటన్‌వుడ్ అనే చెట్టు. పోప్లార్ జాతికి చెందిన ఈ చెట్టులో ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. వేసవి తొలినాళ్ళలో ఆడచెట్టు కాయలు పగిలి, జిల్లేడు గింజల మాదిరిగా దూదిపింజలతో గాలిలో తేలిపోయే విత్తనాలు లక్షల సంఖ్యలో వెలువడతాయి. ఇంతటి విస్తారమైన సంతానోత్పత్తి ఉన్న చెట్టుకు వారసులు కరువవుతారని ఊహించడం కష్టం. అయినా బోస్కేలో జరిగింది సరిగ్గా అదే.

వరదతో పుట్టే చెట్టు

కాటన్‌వుడ్ విత్తనం ఆయుష్షు కొద్ది వారాలే. అది మొలకెత్తడానికి ఎండ తగిలే తడి ఇసుక లేదా ఒండ్రు కావాలి. ఇతర మొక్కల నీడ గాని, రాలిన ఆకుల మందపాటి పొర గాని ఉన్నచోట అది బతకలేదు. నదికి ఆనకట్టలు లేని కాలంలో ఈ ఏర్పాటును వరదే చేసిపెట్టేది. పర్వతాల మీది మంచు వసంతంలో కరిగి, మే, జూన్ నెలల్లో నది ఒడ్డులు దాటి పొంగి, పాత పొదలను పెకలించి, కొత్త ఒండ్రు పరచి వెనక్కి తగ్గే సమయానికి సరిగ్గా విత్తనాలు రాలేవి. చెట్టు తన పూత కాలాన్ని నది పొంగుతో జోడించుకోవడం వేల ఏళ్ళ పరిణామ ఫలితం.

మొలకెత్తడంతోనే గండం గట్టెక్కదు. వరద తీసినకొద్దీ నేలలోని నీటిమట్టం కిందికి దిగుతుంది. ఆ దిగే నీటిని లేత వేరు వెంబడించి అందుకోవాలి. నీటిమట్టం రోజుకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల వేగాన్ని మించి పడిపోతే వేరు దాన్ని అందుకోలేక మొక్క ఎండిపోతుందని కెనడా, అమెరికా నదుల మీద జరిగిన పరిశోధనలు నిర్ధారించాయి. ఇలా భూగర్భ జలాన్ని నేరుగా వేళ్ళతో అందుకుని బతికే మొక్కలను జలాన్వేషక వృక్షాలుగా వర్గీకరిస్తారు. ముదిరిన కాటన్‌వుడ్ సైతం ఇందుకు మినహాయింపు కాదు. నీటిమట్టం సుమారు మూడు మీటర్ల లోతును దాటి చాలాకాలం అక్కడే ఉండిపోతే కొమ్మలు కొన నుంచి ఎండడం మొదలవుతుంది.

వరద ఆగిన తరువాత

ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు ఈ నదిని తమ అవసరాలకు అనుగుణంగా మలచుకున్నారు. 1916లో దక్షిణాన ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్ట పూర్తయింది. 1925లో ఏర్పడిన మధ్య రియో గ్రాండే జలసంరక్షణ మండలి 1930లలో కరకట్టలూ, సాగు కాలువలూ, చిత్తడి నేలల నీటిని తోడివేసే మురుగు కాలువలూ నిర్మించింది. 1941లో వచ్చిన పెనువరద తరువాత నదిని ఒకే పాయలో నిలిపి ఉంచడానికి ఇనుప కమ్ములను అడ్డదిడ్డంగా బిగించి తీగలతో కలిపిన చట్రాలను ఒడ్డు పొడవునా వేల సంఖ్యలో పాతారు. ఆల్బకర్కీకి ఎగువన కోచిటి ఆనకట్ట 1973లో పూర్తయ్యాక మంచు కరిగిన నీటి ఉద్ధృతి బాగా తగ్గింది. వరదతో వచ్చే ఒండ్రు జలాశయంలోనే ఆగిపోగా, ఒండ్రు లేని నీరు దిగువన నది గర్భాన్ని కోసుకుంటూ పోవడంతో నదీమట్టం కిందికి, ఒడ్డు పైకి అన్నట్టుగా రెంటి మధ్య దూరం పెరిగింది.

నగరాలు, పొలాలు ముంపు నుంచి బయటపడడం నిస్సందేహంగా మేలే. అయితే ఆ మేలుకు అడవి చెల్లించిన మూల్యం పెద్దది. నేడు బోస్కేలో కనిపించే పెద్ద కాటన్‌వుడ్‌లలో చాలా భాగం 1930, 1940 దశకాల వరదల వెంట మొలిచినవి. అంటే అడవిలో అధిక భాగం ఒకే వయోవర్గానికి చెందినది. వాటి తరువాత రావలసిన తరాలు చాలా చోట్ల రాలేదు. ఖాళీ అయిన చోటును వరద అవసరం లేని పరాయి మొక్కలు ఆక్రమించాయి. గాలి తాకిడిని అడ్డుకోవడానికీ, ఒడ్డులు కోసుకుపోకుండా ఆపడానికీ, అలంకరణకూ పందొమ్మిదో శతాబ్దంలో యూరప్, ఆసియాల నుంచి తెచ్చిన సాల్ట్ సీడార్ వీటిలో ప్రధానమైనది. రష్యన్ ఆలివ్, సైబీరియన్ ఎల్మ్ దాని వెంట చేరాయి. మేలు చేస్తుందని అమెరికా ఖండాల నుంచి తెచ్చిన సర్కారు తుమ్మ తెలుగు నేల మీద చెరువు గర్భాల్లో, వాగు ఒడ్డున అల్లుకుపోయిన తీరు ఎరిగిన పాఠకులకు ఈ పరిణామం కొత్తగా తోచదు.

వరద చేసే మరొక పని అంత సులువుగా కనిపించదు. ఏటా నేల తడిసినప్పుడు శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు రాలిన ఆకులనూ కొమ్మలనూ కుళ్ళబెట్టి వాటిలోని పోషకాలను మట్టికి చేరుస్తాయి. వరద ఆగితే ఆ చెత్త ఎండి పేరుకుంటుంది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్తలు మాన్యుయెల్ మోల్స్, క్లిఫర్డ్ క్రాఫర్డ్, వారి సహచరులు 1990లలో బోస్కే డెల్ అపాచే వన్యప్రాణి ఆశ్రయంలో ఒక అడవి భాగాన్ని కావాలని కొన్నేళ్ళు ముంచి, ముంచని భాగంతో పోల్చి, తడిసిన నేలలో కుళ్ళే ప్రక్రియ వేగం పుంజుకుంటుందని చూపారు. తడి అందని చోట పేరుకున్న ఎండుటాకు, దానికి తోడైన పరాయి పొదలు కలిసి నిప్పుకు సిద్ధంగా ఉన్న ఇంధనమవుతాయి. 2003 జూన్‌లో ఆల్బకర్కీ నగరం నడిబొడ్డున బోస్కే తగలబడినప్పుడు ఈ సంగతి నగరవాసులందరికీ ప్రత్యక్షంగా అనుభవంలోకి వచ్చింది.

ఒక ప్రణాళిక, ఒక విశ్వవిద్యాలయం, ఒక బడి

1993లో క్రాఫర్డ్ నాయకత్వంలో జీవశాస్త్రవేత్తల బృందం ఒకటి మధ్య రియో గ్రాండే తీర అడవి నిర్వహణకు సమగ్ర ప్రణాళికను రూపొందించింది. అడవి స్థితిని ఎడతెగకుండా గమనిస్తూ ఉండాలన్నది అందులోని సిఫారసుల్లో ఒకటి. ఇటువంటి సిఫారసులు చాలా నివేదికల్లో ఉంటాయి. పరిశోధన నిధులు సాధారణంగా మూడేళ్ళకో అయిదేళ్ళకో ముగిసిపోతాయి కనుక అవి కాగితం దాటి రావడం అరుదు. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం, ఆల్బకర్కీలో నది పక్కనే ఉన్న బోస్కే స్కూల్ అనే పాఠశాల చేతులు కలిపి 1996లో బోస్కే జీవావరణ పరిశీలన కార్యక్రమాన్ని ప్రారంభించడంతో ఈ సిఫారసుకు ప్రాణం వచ్చింది. ఆంగ్ల నామపు తొలి అక్షరాలతో దాన్ని బెంప్ అని పిలుస్తారు.

కొద్ది స్థలాలతో మొదలైన పరిశీలన ముప్పైకి పైగా స్థలాలకు విస్తరించి, ఉత్తరాన ఓకే ఓవింగే ప్యూబ్లో నుంచి దక్షిణాన లాస్ క్రూసెస్ పరిసరాల దాకా నది పొడవునా పరచుకుంది. ప్యూబ్లోలంటే ఆ నదీలోయలో శతాబ్దాలుగా వ్యవసాయం చేసుకుంటూ నివసిస్తున్న ఆదివాసీ జనసమాజాలు. వారి భూముల్లోని స్థలాల్లో వారి పిల్లలే కొలతలు తీసుకోవడం ఈ కార్యక్రమంలో చెప్పుకోదగిన అంశం. ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిసి ఏటా వేలమంది విద్యార్థులు దీనిలో పాలుపంచుకుంటారు.

ఏమి కొలుస్తారు, ఎందుకు కొలుస్తారు

ప్రతి పరిశీలన స్థలమూ 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉండే దీర్ఘచతురస్రం. అన్ని స్థలాల్లోనూ పరికరాలు ఒకే అమరికలో ఉండడం వల్ల ఒక చోటి కొలతను మరో చోటి కొలతతో నేరుగా పోల్చవచ్చు. మధ్యలో ఒకటి, నాలుగు దిక్కులా నాలుగు కలిపి అయిదు పరిశీలక గొట్టపు బావులు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో భూగర్భ జలశాఖలు నీటిమట్టం చూడడానికి వాడే ఫిజోమీటర్ల పనే ఇవీ చేస్తాయి. విద్యార్థి గొట్టంలోకి టేపు దించి, నీరు తగిలిన లోతును నమోదు చేసి, గొట్టం నేలకు పైన ఉన్న ఎత్తును అందులోంచి తీసివేస్తే నీటిమట్టం తెలుస్తుంది. కాటన్‌వుడ్ బతుకు నీటిమట్టంతో ముడిపడి ఉంది కనుక ఈ ఒక్క అంకెకు మిగిలిన అన్నిటికంటే ప్రాధాన్యం ఎక్కువ.

వర్షమాపకాలు రెండు ఉంటాయి, ఒకటి ఆరుబయట, ఒకటి చెట్ల పందిరి కింద. రెండింటి మధ్య తేడా, కురిసిన వానలో ఎంత భాగం కొమ్మల మీదే ఆగిపోయి నేలకు చేరలేదో చెబుతుంది. పది తొట్లు నేల మీద ఉంచి, వాటిలో పడిన ఆకులను, పుల్లలను, పూలను, విత్తనాలను నెలకొకసారి సంచుల్లోకి ఎత్తి, తరగతి గదికి తెచ్చి, ఎండబెట్టి, జాతుల వారీగా వేరుచేసి తూకం వేస్తారు. ఈ పని చూడడానికి విసుగు పుట్టించేదే అయినా దాని విలువ గొప్పది. ఒక చెట్టు ఆ ఏడు ఎంత ఆకు తొడిగిందన్నది అది ఎంత ఆరోగ్యంగా ఉన్నదో చెప్పే సూచిక, ఏటేటా కాటన్‌వుడ్ ఆకు బరువు తగ్గి పరాయి మొక్కల ఆకు బరువు పెరుగుతూ ఉంటే అడవి చేతులు మారుతున్నట్టే లెక్క. వేసవి చివర, నిర్ణీత గీతల వెంబడి ఏ మొక్క ఎంత మేర ఆక్రమించిందో కొలిచే వృక్షగణన కూడా జరుగుతుంది.

నేల మీద తిరిగే చిన్న జీవులను పట్టడానికి మట్టిలో గిన్నెలను అంచు నేలమట్టానికి వచ్చేలా పాతిపెడతారు. నడిచి వచ్చిన పురుగు అందులో పడిపోతుంది. ఇలా ఇరవై ఉచ్చుల్లో దొరికిన వాటిని లెక్కిస్తే బోస్కేలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి ఐసోపాడ్‌లు, అంటే తాకగానే గోళీలా ముడుచుకునే వాటితో సహా నేల మీద బతికే చిన్న కవచజీవులు. ముడుచుకునే తీరు చూసి రోకలిబండలని పొరబడవచ్చు గాని, నిజానికి ఇవి రొయ్యలకూ పీతలకూ బంధువులు. అక్కడ సమృద్ధిగా ఉన్న రెండు జాతులూ యూరప్ నుంచి వచ్చినవే. దీనికి భిన్నంగా స్థానిక కీచురాయి ఒకటి వరద తడి తగిలే చోట్ల ఎక్కువగా ఉంటుంది. అందువల్ల గిన్నెలో పడిన జీవుల జాబితా ఆ నేలకూ నదికీ ఉన్న సంబంధం నిలిచిందో తెగిందో తెలిపే సాక్ష్యమవుతుంది.

పిల్లల లెక్కలను నమ్మవచ్చునా

శిక్షణ పొందిన శాస్త్రవేత్త చేయవలసిన పనిని పన్నెండేళ్ళ పిల్లలకు అప్పగిస్తే ఆ అంకెలకు విలువ ఉంటుందా అన్న సందేహం సహజమైనదే. దీనికి సమాధానం పని విభజనలో ఉంది. కొలతలో దొర్లే తప్పులు రెండు రకాలు: ఒకసారి ఎక్కువగా, మరొకసారి తక్కువగా చదవడం వల్ల వచ్చే యాదృచ్ఛిక దోషాలు ఒక రకం, పరికరంలోనో పద్ధతిలోనో ఉన్న లోపం వల్ల ప్రతిసారీ ఒకే వైపు మొగ్గే క్రమదోషాలు రెండో రకం. మొదటి రకం తప్పులు అనేక స్థలాల, అనేక నెలల కొలతల్లో ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. రెండో రకాన్ని నివారించడానికి ఒకే లిఖిత విధానం, ఒకే రకం పరికరాలు, ప్రతి బృందం వెంట శిక్షణ పొందిన నాయకుడు అవసరం. బెంప్ కార్యక్రమం మొదటి నుంచీ ఈ మూడింటినీ పాటించింది. టేపు చదవడం, వాననీరు కొలవడం, ఆకులు ఏరడం వంటి నేర్పదగిన పనులను విద్యార్థులు చేస్తారు. కీటకాల జాతి నిర్ధారణ, అంకెల తనిఖీ, విశ్లేషణ వంటివి విశ్వవిద్యాలయ విద్యార్థులు, శాస్త్రవేత్తలు చూసుకుంటారు. ఒక బావిలోని లోతు గత నెల కొలతతో పొసగకపోతే దాన్ని మళ్ళీ కొలుస్తారు.

నమ్మకం మరొక మూలం నుంచి కూడా వస్తుంది. తాము రాసే అంకె పరీక్ష కోసం కాదనీ, అది నది నిర్వహణ అధికారుల బల్ల మీదికి వెళుతుందనీ తెలిసిన పిల్లవాడు దాన్ని రెండుసార్లు చూసి మరీ రాస్తాడు. ప్రయోగశాలలో ముందే జవాబు తెలిసిన ప్రయోగం చేయడానికీ, ఇంకా ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నకు తన చేతి కొలతతో జవాబు సమకూర్చడానికీ మధ్య ఉన్న అంతరమే విజ్ఞానశాస్త్ర విద్యకు జీవగర్ర.

కొలతలు చెప్పినవి

భూగర్భ జలం నది హెచ్చుతగ్గులను వెన్నంటి నడుస్తుందని ఈ బావులు పదే పదే చూపాయి. మంచు బాగా కురిసిన ఏడాది నది నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం పైకి వస్తుంది, కరువేడు అది చెట్ల వేళ్ళకు దూరమవుతుంది. 2022 జూలైలో ఆల్బకర్కీ నగరం వద్ద రియో గ్రాండే నాలుగు దశాబ్దాల్లో మొదటిసారి ఎండిపోయింది. అటువంటి ఒక ఏడాది అడవికి ఎంత నష్టం చేసిందో చెప్పాలంటే దానికి ముందరి పాతికేళ్ళ సాధారణ స్థితి ఏమిటో తెలిసి ఉండాలి. పాత అంకెలు లేకపోతే కరువు ప్రభావమేదో, అప్పటికే సాగుతున్న క్షీణత ఏదో విడదీసి చూడడం అసాధ్యం.

సాల్ట్ సీడార్ కథ దీర్ఘ పరిశీలన విలువకు మరొక నిదర్శనం. ఆ మొక్కను అదుపు చేయడానికి దాని ఆకులను మాత్రమే తినే చిన్న పెంకుపురుగును యురేషియా నుంచి తెచ్చి అమెరికా వ్యవసాయశాఖ 2001లో కొన్ని రాష్ట్రాల్లో బహిరంగంగా విడిచింది. పగటి పొడుగును బట్టి సుప్తావస్థలోకి పోయే స్వభావం వల్ల అది దక్షిణాదికి అంతగా విస్తరించదని భావించారు. కాని తరాలు గడిచేకొద్దీ ఆ పురుగు దక్షిణాది పగళ్ళకు అలవాటు పడి ముందుకు సాగి, 2010ల నాటికి మధ్య రియో గ్రాండేకు చేరింది. పరాయి మొక్కను పరాయి పురుగు తినడం మేలే అనిపిస్తుంది. కాని స్థానిక విల్లో పొదలు అంతరించిన చోట్ల, 1995లో ఆపదలో ఉన్న జాతిగా ప్రకటితమైన నైరుతి విల్లో ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట సాల్ట్ సీడార్‌లోనే గూడు కట్టుకుంటోంది. గుడ్లు పొదిగే వేళ ఆకంతా రాలిపోతే గూడు ఎండకు, శత్రువులకు బయటపడుతుంది. పురుగు ఎక్కడికి చేరింది, ఏ నెలలో ఆకు రాల్చింది, దాని తరువాత ఏ మొక్క పెరిగింది అన్న ప్రశ్నలకు నెలనెలా తీసిన కొలతలు తప్ప మరేదీ జవాబు ఇవ్వలేదు.

ఈ అంకెలు ఆచరణలోనూ ఉపయోగపడతాయి. వరద రాని చోట కాటన్‌వుడ్‌ను పెంచడానికి అక్కడ సాధారణంగా అనుసరించే పద్ధతి, పొడవాటి పచ్చి కొమ్మను నీటిమట్టం తగిలే దాకా తవ్విన సన్నని గుంతలో నాటడం. ఏ నెలలో నీరు ఎంత లోతుకు దిగుతుందో తెలియకుండా నాటితే ఆ శ్రమ వృథా అవుతుంది. పరాయి పొదలను నరికి తొలగించిన చోట అవి మళ్ళీ ఎంత త్వరగా చిగురించాయి, నిప్పుకు ఇంధనం ఎంత తగ్గింది, స్థానిక గడ్డి తిరిగి వచ్చిందా అన్నవి కూడా పరిశీలన స్థలాల వల్లనే తేలతాయి. ఖర్చు పెట్టి చేసిన ఒక పని ఫలించిందో లేదో అయిదేళ్ళ తరువాత తిరిగి వెళ్ళి చూసేవారు ఉండడమే నిర్వహణకూ ఊహాగానానికీ మధ్య తేడా.

పరిశీలనకు వారసత్వం

ఇటువంటి కార్యక్రమం అడవిని తనంతట తానుగా కాపాడలేదు. 1940ల నాటి చెట్లు ఎనభై ఏళ్ళకు అటూ ఇటూగా చేరి ముదిరాయి. ఏ ఏడాది ఎంత నీరు వదలాలి, ఏ కరకట్టను వెనక్కి జరిపి నదికి చోటు ఇవ్వాలి అన్నవి సమాజమూ ప్రభుత్వమూ తీసుకోవలసిన నిర్ణయాలు. పొలాలకు, నగరాలకు, ప్యూబ్లోలకు, చేపలకు, చెట్లకు అందరికీ సరిపడా నీరు లేని నదిలో ఆ నిర్ణయాలు కఠినమైనవి. కొలతలు ఆ కాఠిన్యాన్ని తొలగించలేవు గాని, వాదనలను ఇష్టాయిష్టాల మీద కాక ఆధారాల మీద నిలబెట్టగలవు.

దీర్ఘ పరిశీలనకు అసలు అడ్డంకి పరికరాలు కావు, ఓపికగా కొలిచే మనుషుల కొరత. ఒక శాస్త్రవేత్త ఉద్యోగకాలం ముప్పై, నలభై ఏళ్ళు. ఒక కాటన్‌వుడ్ జీవితం దానికి రెట్టింపు కంటే ఎక్కువ. చెట్టు ఆయుష్షుకు సాటిరాగల కాలాన్ని సమకూర్చే సంస్థ ఏదైనా ఉందంటే అది బడే, ఎందుకంటే అందులో ప్రతి ఏడాదీ కొత్త చేతులు చేరుతూనే ఉంటాయి, పాత విధానం వారికి అందుతూనే ఉంటుంది. టేపు, గిన్నె, తొట్టి, తూకపు యంత్రం, క్రమం తప్పని తేదీ, దాచిపెట్టిన పుస్తకం, ఇంతకుమించి ఖరీదైనవేవీ ఈ పనికి అవసరం లేదు. బడులూ నదులూ ఉన్న ఏ దేశానికైనా ఇది అందుబాటులో ఉన్న విద్యే. నేడు ఒక విద్యార్థి రాసిన నీటిమట్టం వెంటనే ఏ గొప్ప విషయాన్నీ చెప్పకపోవచ్చు. అదే అంకె నలభై ఏళ్ళ తరువాత మరొక విద్యార్థి రాసే అంకె పక్కన నిలిచినప్పుడు, ఒక అడవి బతుకుతున్నదో కడతేరుతున్నదో తేల్చే సాక్ష్యంగా మారుతుంది. అందువల్ల ఏ నెలా ఖాళీ వదలకుండా ఆ వరుసను కొనసాగించడమే ఆ నదీతీర విద్యార్థులు అడవికీ, విజ్ఞానశాస్త్రానికీ చేస్తున్న నిజమైన సేవ.